వెనకబడ్డవాడి ముఖం

పంతొమ్మిది వందల అరవైల చివర, నందికొండ జలాశయంలో పడవ పందెం. గెలిచిన ఒక్కడే సిలోను పోటీలకు వెళ్తాడు. పందెం మొదలయ్యే ముందు, నాతో పోటీపడుతున్న మా క్లబ్బు కెప్టెన్ అందరూ వినేలా, "పుట్టి నడిపేటోని కొడుకు సిలోను పోతడట" అని నవ్వాడు. గట్టు మీదున్న, పుట్టి పడవ నడిపి బతికే మా బాపు తల దించుకున్నాడు.

పందెం పడవలో గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాం. అందుకే ముందున్నవాడికి వెనకబడ్డవాడి ముఖం కనిపిస్తుంది. సగం దూరంలో కెప్టెన్‌ను దాటాక, ఆ ముఖం దూరం కాకూడదని కావాలనే తెడ్లు నెమ్మదిగా వేశాను.

గెలిచి ఒడ్డుకొస్తే బాపు, "ఆఖర్ల గంత నిమ్మలంగ ఏసినవేంది కొడుకా?" అన్నాడు.

"వాని మొకం చూసుకుంట వచ్చిన బాపూ."

సిలోనులో ఆఖరున వచ్చాను. అక్కడ అందరూ నా ముఖం చూశారు. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపు ఆపుకుంటున్న కెప్టెన్ ముఖమే కళ్ళముందుంది.