దేవేంద్రప్ప మిద్దె, ఖలందర్ తలగుడ్డ

ఎమ్మిగనూరులో మా వీధంతా మగ్గాల వీధి. ఆ వీధిలో దేవేంద్రప్పంత మెత్తటి మనిషి ఇంకొకడు లేడు. మెత్తటి మనిషి అంటే మంచివాడని చాలామంది అనుకుంటారు. నేను అనుకోను. మెత్తటివాడు ఎవరు నొక్కితే అటు వంగుతాడు. వంగినప్పుడు పక్కనున్న వాడికి తగులుతుందని వాడికి తెలియదు. తెలిసేసరికి తగలాల్సింది తగిలి ఉంటుంది.

నేతగాళ్ళ సొసైటీ మీటింగుల్లో దేవేంద్రప్ప ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అందరూ చెయ్యెత్తాక తనూ ఎత్తేవాడు. ఇంట్లో భార్య హులిగమ్మ మాట, బయట ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాట. పిల్లలకు పెళ్ళిళ్ళయి ఎవరి దారిన వాళ్ళు పోయారు. మిగిలింది ఇద్దరు మనుషులు, ఒక గుంతమగ్గం, పైన ఒక మట్టిమిద్దె.

ఆ మిద్దె సంగతి కొంచెం చెప్పాలి. దూలాల మీద దంతెలనే అడ్డకర్రలు, దంతెల మీద బండలు, బండల మీద మట్టి, ఆ పైన చౌడు. చౌడు అంటే ఊరి బయట నేల మీద తెల్లగా పేరుకునే ఉప్పుమన్ను. దాన్ని పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొడితే వాన చుక్కను లోపలికి దిగనివ్వదు. కాకపోతే ఏటేటా ముంగారు వానలకు ముందు కొత్త చౌడు పడాలి. పడకపోతే కారుతుంది. కారితే నీళ్ళు నేరుగా మగ్గం గుంతలోకే దిగుతాయి. మగ్గం ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

ఆ పని ఖలందర్‌ది. రోహిణి ఎండలు మండేటప్పుడు బండి మీద చౌడు వేసుకుని తనంతట తానే వచ్చేవాడు. అతని తండ్రి దేవేంద్రప్ప తండ్రికి చేశాడు, ఇతను దేవేంద్రప్పకు చేశాడు. పిలవడం, బేరమాడడం లాంటివి వాళ్ళ మధ్య ఎప్పుడూ లేవు. పనయ్యాక హులిగమ్మ పెట్టే జొన్నరొట్టె, గురెళ్ళపొడి తిని, మగ్గం గట్టున కూర్చుని "అన్నా, వదినా" అంటూ ఊరి కబుర్లన్నీ చెప్పి పోయేవాడు. దేవేంద్రప్ప ఎవరితోనైనా నోరు విప్పి మాట్లాడాడంటే అది ఖలందర్‌తోనే.

ఎనభై రెండు చివర్లో కొత్త పార్టీ గాలి మా వీధిలోకీ వచ్చింది. ఊరేగింపులో ఎవరో దేవేంద్రప్ప చేతికి పసుపు జెండా ఇచ్చారు. పట్టుకుని నడిచాడు. నడుస్తుంటే ఎన్నడూ పలకరించని వాళ్ళు "ఏం దేవేంద్రప్పన్నా" అని భుజం తట్టారు. పాపం, ఆ వయసులో మొదటిసారి తనకూ ఒక పక్షం దొరికిందని పొంగిపోయాడు. అందులో తప్పేం లేదు. జెండాను మిద్దె మీద పెట్టాలనుకోవడమూ తప్పు కాదు. పిట్టగోడకు కడితే పొట్టిగా కనబడుతుందని, గడ్డపార తీసుకుని మిద్దె నడిమధ్యన గుంత తీసి వెదురుబొంగు దిగ్గొట్టాడు. వీధిలో అన్నిటికన్నా ఎత్తు జెండా దేవేంద్రప్పదే అయింది. సంక్రాంతి ముందు ఎన్నికలు జరిగాయి, ఆ పార్టీ గెలిచింది. అంతటితో ఆ విజయంలో తన వాటా కూడా ఉందని దేవేంద్రప్ప నమ్మాడు.

ఎండాకాలం వచ్చింది. ఎంత చౌడు పడుతుందో చూసుకోవడానికి ఖలందర్ మిద్దెక్కాడు. వెదురుబొంగు చుట్టూ బీటలిచ్చిన మన్ను చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, ఈ జెండా ఈడ పెట్టిందెవురు?"

"నేనే. యాల?"

"ఈడొద్దన్నా, తీసెయ్. ఇంటికి మంచిది గాదు."

అతను చెప్పింది మిద్దెలో పడిన చిల్లు సంగతి. దేవేంద్రప్ప విన్నది తన పార్టీ సంగతి. మామూలుగా అయితే "అట్లేలే అప్పా" అనేవాడు. ఆ రోజు మాత్రం మొహం ముడుచుకుని కిందికి దిగిపోయాడు.

నాలుగు రోజులు అదే నమిలాడు. చివరికి మాట తేల్చుకుందామని ఖలందర్ ఇంటికి బయల్దేరాడు. సందు మలుపు తిరగగానే ఆగిపోయాడు. ఖలందర్ ఇంటి పక్కన గుంజలకు కట్టి ఒక పెద్ద తెల్లగుడ్డ వేలాడుతోంది. దాని మీద ఓడిపోయిన పార్టీ చెయ్యి గుర్తు, మనిషంత ఎత్తున. అట్నుంచటే వెనక్కి తిరిగి వచ్చేశాడు.

టీ అంగడిలో ఈ సంగతి చెప్పాడు. అక్కడ కూర్చునే వాళ్ళకు కావలసింది అలాంటి కబురే. "వాళ్ళ పార్టీవాన్ని నీ నెత్తి మీదికి ఎక్కించుకుంటావా దేవేంద్రప్పా? ఆదోనిలో మేస్త్రీ ఉచ్చీరప్ప ఉండాడు. మన మనిషి" అన్నారు. ఉచ్చీరప్ప వచ్చాడు. సైకిలుకు పసుపు జెండా, ఒంటి మీద పసుపు చొక్కా, జేబుకు బిళ్ళ. అతను ఎక్కడెక్కడ పని చేశాడో, ఎలా చేశాడో ఎవరూ అడగలేదు. అంత జెండా చూశాక అడిగితే బాగుండదనుకున్నారు.

"చౌడు కాలం పోయిందప్పా. సిమెంటు పూత ఏసిస్తా. నీ మనవళ్ళ కాలానికి గూడా మిద్దె తిక్కు సూడాల్సిన పనిల్యా" అన్నాడు ఉచ్చీరప్ప. దేవేంద్రప్ప తలూపాడు.

సిమెంటు పని నడుస్తుండగా ఒక పొద్దున బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. బండి నిండా చౌడు. ఖలందర్ తలెత్తి మిద్దె మీదున్న మనుషులను చూశాడు. హులిగమ్మ గడపలో నిలబడింది. లోపల మగ్గం టకటకమని ఆడుతోంది.

"అన్న ల్యాడా వదినా?" అన్నాడు.

ఆ మాట వినగానే లోపల మగ్గం ఆగిపోయింది. దేవేంద్రప్ప గుంతలో కాళ్ళు పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. హులిగమ్మ ఒకసారి లోపలికి చూసింది. ఏం చేస్తుంది? "ల్యాడప్పా" అంది.

మగ్గం ఇద్దరూ విన్నారు. అది ఆగడమూ ఇద్దరూ విన్నారు. ఖలందర్ తల దించుకుని ఎద్దు మెడ నిమిరాడు. "సరే వదినా. చౌడు ఈడ పోసిపోతాలే, ఎవురు పరిస్తే ఏముంది" అన్నాడు. పైనుంచి ఉచ్చీరప్ప ఆ మన్ను తమకు అక్కర్లేదని అరిచాడు. బండి వెనక్కి మళ్ళింది. అది వీధి దాటేదాకా మగ్గం మళ్ళీ ఆడలేదు.

ఆ రోజు హులిగమ్మ మొగుడికి అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు. నాచేత అబద్ధం ఆడించాడు గదమ్మా అని తర్వాత మా అమ్మ దగ్గర కళ్ళు తుడుచుకుంది.

మృగశిర తొలివానకు మిద్దె నిలిచింది. దేవేంద్రప్ప టీ అంగడిలో ఆ మాట చెప్పుకున్నాడు కూడా. తర్వాత ఎండ కాసింది. మెత్తటి మన్ను మీద వేసిన సిమెంటు ఎండకు నెర్రెలిచ్చింది. రెండో వాన ఆ నెర్రెల్లో దిగి, దారి వెతుక్కుని, వెదురుబొంగు వెంట ధార కట్టి మగ్గం గుంతలో పడింది. పడుగు తడిసింది. గుంతలో నీళ్ళు నిలిచాయి. మొగుడూ పెళ్ళాం చెంబులతో తోడిపోశారు. దంతెలు కూడా తడిసి నల్లబడుతున్నాయి. ఇంకో గట్టి వాన కొడితే మిద్దె మగ్గం మీదికి వచ్చేలా ఉంది.

దేవేంద్రప్ప బస్సెక్కి ఆదోనికి పోయాడు. పత్తి మార్కెట్టు దగ్గర ఉచ్చీరప్ప దొరికాడు. భుజం మీద చెయ్యి వేసి, "మన గవర్నమెంటే వచ్చింది గదప్పా, రొంత ఓపిక పట్టల్ల" అన్నాడు. మిద్దె కారడానికీ గవర్నమెంటుకూ ఏం సంబంధమో దేవేంద్రప్పకు తెలియలేదు. అడగడమూ చేతకాలేదు.

ఇంటికొచ్చాక హులిగమ్మ అంది. "ఖలందర్ని పిలుసుకరాపో."

"యా మొగం పెట్టుకోని పోయేది? వాళ్ళింటికాడ చెయ్యి గుర్తు గుడ్డ కట్టుకున్న్యారు. నా కండ్లతో సూసినా."

హులిగమ్మకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"దానికా ఇంత జేసింది?" అంది. "ఖలందర్ పెండ్లాము మదార్‌బీ ఆదోని జిన్నింగు మిల్లుకు కూలికి పోతాది గదా. ఆడ మీటింగయినంక గుడ్డలు పీకి పారేస్తాంటే కూలోళ్ళు తలా ఒగటి తెచ్చుకున్న్యారు. ఆయమ్మ కూతురు పెద్దదాయె, నీళ్ళు పోసుకునేకి మరుగు ల్యాక కట్టింది. మీ పసుపుగుడ్డ దొరికింటే పసుపుగుడ్డే కట్టింటాది. దానికంటే ముందు నన్నే అడిగింది, అక్కా, తెగిన గుడ్డ ఏమన్నా ఉంటే ఇయ్యి అని. సూద్దాంలే అన్న్యా. గుడ్డ నేసే ఇంట్లో ఉండి సూద్దాంలే అన్న్యా."

దేవేంద్రప్పకు తల కొట్టేసినట్టయింది. పుట్టిన కాడి నుంచి గుడ్డ తప్ప ఇంకోటి ఎరగని మనిషి. గుడ్డను చూసి నూలెంతో, నేత ఏ ఊరిదో చెప్పే మనిషి. ఆడపిల్ల మరుగు కోసం కట్టిన గుడ్డ మీద గుర్తును చూశాడు గాని గుడ్డను చూడలేదు. చూసి ఊరకుండక టీ అంగడిలో నలుగురికీ చెప్పాడు.

అయినా వెంటనే పోలేదు. సిగ్గు మనిషిని మంచి పనికి తోలుతుందంటారు గాని, చాలాసార్లు ఇంట్లోనే కూర్చోబెడుతుంది. మళ్ళీ మబ్బు పట్టిన రోజు, ఇక తప్పక బయల్దేరాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూడగట్టుకున్నాడు. తప్పు నాదే అప్పా, గుడ్డ చూసి నిన్ను అనుమానించినా, ఆ పొద్దు ఇంట్లో ఉండి లేనని చెప్పిచ్చినా, మనసులో పెట్టుకోవద్దు. పెదాలు కదిలిస్తూ నడుస్తున్న అతన్ని చూసి ఎదురైన వాళ్ళు స్తోత్రం చదువుకుంటున్నాడనుకుని ఉంటారు.

సందు మలుపులో నుంచి చూశాడు. తెల్లగుడ్డ లేదు. ఆ గుంజలకు చిరిగిన గోనెపట్టలు కట్టి ఉన్నాయి. వాటి సందుల్లో నుంచి లోపలి నీళ్ళకుండ కనబడుతోంది. దేవేంద్రప్ప చప్పున చూపు తిప్పుకున్నాడు.

గుమ్మంలో కూర్చున్న ఖలందర్ దూరం నుంచే అతన్ని చూసి గబగబా లోపలికి పోయాడు. మొహం చాటేశాడు, న్యాయమే అనుకున్నాడు దేవేంద్రప్ప. ఇంతలోనే ఖలందర్ బయటికి వచ్చాడు. తలకు పసుపు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. కొత్తది, మడతలు ఇంకా విడలేదు.

"రా అన్నా, కూసో" అన్నాడు. "ఆ గుడ్డ పీకేసినాలే. నువ్వు సూసి ఎనిక్కి పోయినావని టీ అంగట్లో అనుకుంటాంటే తెలిసింది. మాకేం తెల్దన్నా, ఆడోళ్ళు కట్టుకున్న్యారు. నాది గూడా మీ పార్టీనే. సూడు" అని తలగుడ్డ ముట్టుకుని చూపించాడు.

అతని వెనక మదార్‌బీ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ "బాగుండారా అన్నా" అని అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడగలేదు.

కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ దేవేంద్రప్ప నోట రాలేదు. తప్పు నాది అనాలంటే ముందు ఆ గుడ్డ విప్పు అనాలి. అది విప్పమంటే అతను ఎందుకు కట్టుకున్నాడో ఇద్దరూ పైకి చెప్పుకోవాలి. అంత ధైర్యం అతనికి ఏనాడూ లేదు.

"మిద్దె కారుతాంది అప్పా" అన్నాడు.

"వస్తా అన్నా. రేప్పొద్దున్నే వస్తా."

వచ్చాడు. సిమెంటంతా పగలగొట్టి కిందికి దించాడు. పుచ్చిన దంతె మార్చాడు, గుంత పూడ్చి చౌడు పరిచి దిమ్మిస కొట్టాడు. పీకిన జెండాను మన్ను దులిపి పిట్టగోడకు గట్టిగా కట్టాడు. వద్దులే అని కింద నుంచి దేవేంద్రప్ప అనలేకపోయాడు. హులిగమ్మ రొట్టె పెడితే నిలబడే తిన్నాడు. మగ్గం గట్టున కూర్చోమంటే, బట్టలకు మన్నుందన్నాడు. అంతకు ముందు మన్ను ఉండేది కాదా?

ఆ ఏడు వానలకు మిద్దె చుక్క కారలేదు. మగ్గం ఆడింది. దేవేంద్రప్ప టీ అంగడికి పోవడం మానేశాడు. మరుసటి సంక్రాంతికి జెండా కూడా దించేశాడు. హులిగమ్మ కొత్త గుడ్డ చింపి మదార్‌బీకి ఇవ్వబోతే, "ఇప్పుడు వద్దులే అక్కా, తడికె అల్లుకున్న్యాం" అందట.

ఖలందర్ మాత్రం ఏటేటా చౌడు బండితో వస్తూనే ఉన్నాడు, తలకు పసుపు గుడ్డతో. అతను మిగతా ఇళ్ళలో ఉత్త తలతోనే పని చేస్తాడని దేవేంద్రప్పకు చాలా రోజులు తెలియదు. ఒక ఏడు అరుగు మీద కూర్చుని ఉండగా చూశాడు. వీధి మొదట్లో బండి ఆగింది. ఖలందర్ చొక్కా లోపలి నుంచి గుడ్డ తీసి, దులిపి, తలకు చుట్టుకుని, మళ్ళీ బండి తోలాడు. దేవేంద్రప్ప లేచి లోపలికి పోయి గుంతలో కూర్చున్నాడు. ఆ రోజు నేత సాగలేదు.

"నువ్వే సెప్పరాదా, ఇంగ అది ఇడిసెయ్యమని" అని హులిగమ్మ పోరింది. ఆ పార్టీ ఎనభై తొమ్మిదిలో ఓడిపోయింది. ఆ మరుసటి ఎండాకాలంలో కూడా ఖలందర్ అలాగే వచ్చాడు. గుడ్డ వెలిసి తెల్లబారింది. పనయ్యాక మిద్దె దిగి చేతులు కడుక్కుంటుంటే, దేవేంద్రప్ప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఖలందరూ, ఆ తలగుడ్డ..." అన్నాడు.

ఖలందర్ చప్పున తల తడుముకున్నాడు. తప్పు చేసిన వాడిలా నవ్వాడు.

"రంగు పోయింది గదన్నా. నేనూ అనుకుంటానే ఉండా. వచ్చే ఏటికి కొత్తది కట్టుకోనొస్తాలే" అన్నాడు.

మరుసటి ఏడు కొత్తది కట్టుకుని వచ్చాడు.