పురాణం పేరిశాస్త్రిగారి కన్నీళ్లు

రామచంద్రపురంలో పేరిశాస్త్రిగారికి వచ్చిన పేరు గొంతు వల్ల వచ్చింది కాదు. గొంతు బొంగురు. పద్యం ఎత్తుకుంటే తల్లుల ఒళ్లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఆయన పేరంతా కన్నీళ్ల మీదే నిలబడింది. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక వీధి చివరి గుడిలో సాయంత్రాలు పురాణం మొదలుపెట్టారు. పుస్తకం తెరిచిన కాసేపటికే కళ్లు ఎర్రబడేవి, ఆపైన చెంపలు తడిసేవి. మహాపతివ్రతను అడవిలో వదిలే ఘట్టమైనా, రాజుగారి పెళ్లివిందులో వంటకాల వర్ణనైనా ఒకటే ధార.

"ఏం భక్తండీ బాబూ! ఆయ్, బూరెల దగ్గర కూడా కరిగిపోతారండి!" అని జనం చెంపలేసుకునేవారు. బూరెల దగ్గర ఏడుపెందుకని అడిగే పాపిష్టివాడు ఊళ్లో ఒక్కడూ లేకపోయాడు.

గుడి కమిటీ ప్రెసిడెంటు చంద్రరావుగారు బియ్యం మిల్లు ఆసామి. ఈ భక్తికి మురిసిపోయి, తన పేరు రాయించిన నిలువెత్తు ఫ్యానొకటి తెచ్చి సరిగ్గా శాస్త్రిగారి ముఖానికి ఎదురుగా పెట్టించారు. గౌరవమంటే అదీ. ఆ గాలి తగిలాక భక్తి రెట్టింపయింది.

ఒక్క భార్య మాణిక్యాంబగారికే ఇది గిట్టేది కాదు. "నేను టైఫాయిడ్‌తో మంచాన పడితే ఒక్క చుక్క రాల్చని మనిషి, ఎవరి పెళ్లాం కోసమో బిందెలు నింపుతున్నారు," అని వంటింట్లోంచి వినిపించేవారు. శాస్త్రిగారు నవ్వి ఊరుకునేవారు. తాను మామూలు మనిషిని కానని ఆయన లోలోపల ఎప్పుడో తీర్మానించుకున్నారు.

అంతటి భక్తుడికీ రోజంతా కళ్లలో ఇసుక పోసినట్టుండేది. పొద్దున్నే రెప్ప విడదీయడమే గండం. అక్షరాలు అలుక్కుపోయేవి. ఊరంతా వైద్యులే కనుక నందివర్ధనం పూలు పెట్టారు, ఆముదం రాశారు. మందుల షాపతను ఎరుపు పోయే చుక్కలేవో ఇచ్చాడు. ఎరుపు వారం పాటు పోయి, చుట్టాలను కూడా వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

మనవరాలు శ్రీసుధ కాకినాడలో కంప్యూటర్ కోర్సు చేస్తోంది. ఆ పిల్లకీ అదే మంట. సెలవులకు వచ్చినప్పుడు తాతగారి అవస్థ చూసి, తను చూపించుకునే కంటి డాక్టరుగారి దగ్గరికి లాక్కుపోయింది. ఆయన రెప్ప కింద చిన్న కాగితం ముక్క పెట్టి, తర్వాత రంగు చుక్క వేసి, లైటు పెట్టి చూశారు.

"మాస్టారూ, మీ కళ్లు ఎండిపోయాయండి."

శాస్త్రిగారు కండువాతో చెంపలు తుడుచుకుంటూ నవ్వారు. గోదావరి వరదలో నిలబెట్టి ఇది కరువు అంటే ఎవరికైనా నవ్వే వస్తుంది.

"కన్నీరంటే ఉత్త నీళ్లు కాదండి. పైన సన్నగా నూనె పొర ఉండాలి, అది రెప్పల అంచుల్లోంచి వస్తుంది. అది తగ్గితే తడి నిలవదు. కన్ను ఆరిపోయి మండుతుంది. ఆ మంటకి నీళ్లు పొంగుతాయి గానీ, కంట్లో నిలవక చెంపల మీదికి పోతాయి. పుస్తకంలో పడి మీరు రెప్పకొట్టడం మర్చిపోతారు, కంప్యూటర్ ముందు మీ మనవరాలూ అంతే. మీకు వయసొకటి తోడు. ఎదురుగా ఫ్యానేమైనా ఉంటుందాండి?"

శాస్త్రిగారి నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్ల భక్తి కంటి మంటకీ ఫ్యాను గాలికీ పుట్టిందని వినడం సామాన్యమైన దెబ్బ కాదు.

"మరి... ఘట్టం బరువుకి కాదంటారా?" అన్నారు మెల్లిగా.

"ఘట్టం సంగతి నాకు తెలీదండి. నల్లగుడ్డు మీద గీతలు పడుతున్నాయి. ఇలాగే వదిలేస్తే చదవడానికి చూపు మిగలదు."

తడి నిలిపే చుక్కలు వేసుకోమన్నారు. పూటపూటా గోరువెచ్చటి గుడ్డ రెప్పల మీద వేసుకుని మెల్లగా ఒత్తమన్నారు. చదువుతూ రెప్పకొట్టడం గుర్తుపెట్టుకోమన్నారు. ఫ్యాను మాత్రం తక్షణం పక్కకి తిప్పించమన్నారు.

శాస్త్రిగారు అన్నీ చేశారు. కొన్ని వారాలకు మంట తగ్గింది, అక్షరం తేటపడింది. దాంతోపాటు శ్రోతలు కూడా తేటగా కనిపించారు. సగం మంది కునుకుతున్నారు. చంద్రరావుగారైతే ఏకంగా గురకే పెడుతున్నారు.

మెలకువగా ఉన్నవాళ్లు మాత్రం ఒకటి కనిపెట్టారు. పంతులుగారు ఏడవడం లేదు! భక్తి తగ్గిందన్నారు. డబ్బు చేసిందన్నారు. చివరికి చంద్రరావుగారే ఇంటికొచ్చారు.

"తప్పుగా అనుకోకండి శాస్త్రిగారూ. ఆ చుక్కలేవో కొన్నాళ్లు ఆపి చూడండి. పిఠాపురంలో ఓ కుర్రాయన ఉన్నాడంటండి, వినాయకుడి ప్రార్థనకే ఏడుస్తాడంట. రేపు అడవి ఘట్టం చూసి, ఆ పైన కమిటీ ఓ మాట అనుకుంటుందండి."

శాస్త్రిగారికి భయం వేసింది. ఆ పురాణం పీట పోతే ఊళ్లో తనని పలకరించేదెవరు? చుక్కల సీసా చేతిలోకి తీసుకున్నారు, పక్కన పెట్టేశారు. చూపు పోతే పీట మాత్రం ఉంటుందా అని మళ్లీ తీసి వేసుకున్నారు.

మర్నాడు ఫ్యాను మళ్లీ ముఖానికెదురుగా సిద్ధంగా ఉంది. "ఆపించండి," అన్నారు శాస్త్రిగారు. ఇల్లాలిని అడవిలో విడిచిన కథ ఎన్నడూ లేనంత శ్రద్ధగా, ప్రతి మాటా చూసి చదివారు. ఆ వేళ ఎవరూ కునుకు తీయలేదు. అందరూ ఆయన కళ్లకేసే చూస్తూ కూర్చున్నారు. కథ విన్నవాడు మాత్రం లేడు. మంగళహారతి కాగానే చంద్రరావుగారు శాలువా కప్పి, వచ్చే వారం నుంచి విశ్రాంతి తీసుకోమని మైకులో దండం పెట్టారు.

శాస్త్రిగారు ఇంటికొచ్చి పడక్కుర్చీలో వాలిపోయారు. మాణిక్యాంబగారు వేణ్నీళ్లలో ముంచి పిండిన గుడ్డ రెప్పల మీద వేశారు. తాను చదివింది ఇన్నేళ్లలో ఒక్కరూ వినలేదన్న సంగతి ఆయన్ని పీట పోవడం కన్నా ఎక్కువగా బాధపెట్టింది.

గుడ్డ తీసిన మాణిక్యాంబగారు కంగారుపడ్డారు. "ఇదేంటండీ, మళ్లీ కారుతున్నాయి? చుక్కలు వేసుకోలేదా?"

"వేసుకున్నానే."

"మరి?"

"ఇవి జబ్బువి కాదే మాణిక్యం. నావే."

ఆవిడ కొంగుతో తుడవబోయి, మానేసి, పక్కనే పీట వాల్చుకుని కూర్చున్నారు.