స్నేక్ రోడ్డు దగ్గర కారు

విమల మూడు రోజుల నడకకి బయల్దేరుతోందని తెలిసినప్పుడు కోవెంట్రీలో ఆమెని ఎరిగిన తెలుగువాళ్ళందరూ ఒకటే మాట అడిగారు: "ఎవరికి వండిపెట్టడానికి?"

తప్పు వాళ్ళది కాదు. ఏళ్ళ తరబడి జరిగిందదే. కార్డిఫ్ ఆస్పత్రిలో డాక్టరైన స్నేహితురాలు నిర్మలాదేవి, ఆమె కూతురు సింధుజ ప్రతి వేసవీ ఏవో కొండలెక్కేవాళ్ళు. విమల తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, భర్త రామ్మోహన్ కారు నడుపుతుంటే పక్కన కూచుని వెళ్ళి, వాళ్ళు దిగివచ్చే చోట కార్ పార్కులో కాచుకుని ఉండేది. వాళ్ళు బురద కాళ్ళతో, ఎండకి కందిన మొహాలతో, వాళ్ళిద్దరికే తెలిసిన జోకులకి పడీపడీ నవ్వుకుంటూ దిగేవాళ్ళు. విమల ఫ్లాస్కు మూత తీసేది.

రెండువేల అయిదులో ఆమెకి నలభై ఎనిమిదేళ్ళు. జీపీ సర్జరీలో, అంటే పేటలో డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టు. పొద్దున్నే ఫోన్లు మొదలైతే అపాయింట్‌మెంట్ దొరకనివాళ్ళ తిట్లు, దొరికినవాళ్ళ దగ్గులు, అన్నీ ఆమె చెవిలోనే. కుర్చీలోంచి లేచేది టీకి మాత్రమే. అలాంటి మనిషి ఆ ఏడు "ఈసారి నేనూ నడుస్తా" అంది.

రామ్మోహన్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. మాంచెస్టర్ దగ్గరి కొండల మ్యాపు పరిచి వేలు పెట్టి చూపించాడు. "ఈడేల్ నుంచి క్రౌడెన్‌కి. మొదటి రోజే అన్నిటికంటే పెద్దది. సగం దూరంలో స్నేక్ రోడ్డు అడ్డొస్తుంది. అక్కడ కారుతో ఉంటా. నువ్వు ఎక్కెయ్."

"ఎక్కకపోతే?"

"ఎక్కుతావులే."

ఫోన్లో నిర్మల కూడా అదే పాట. "సగం నడిచినా గొప్పనే గదనే! బావగారు చెప్పింది మంచిగనే ఉంది."

కానీ విమలకి ఒకటి తెలుసు. అక్కడ కారెక్కితే రేపూ కార్లోనే, ఎల్లుండీ కార్లోనే. వచ్చే ఏడు మళ్ళీ ఫ్లాస్కు.

జూన్‌లో ఒక పొద్దున ఆడవాళ్ళు ముగ్గురూ ఈడేల్లో మొదలుపెట్టారు. సల్వార్ కమీజు మీద రెయిన్‌కోటు, కాళ్ళకి నెలన్నరగా పార్కు చుట్టూ తిరిగి మెత్తబరిచిన బూట్లు. రాతిమెట్ల ఎక్కుడు దగ్గర విమల ఊపిరి ఈలలు వేసింది. సింధుజ యూనివర్సిటీ వాకింగ్ క్లబ్బు పిల్ల, మేకలా ఎక్కిపోయింది. నిర్మల మాత్రం వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. "నాడి జూడాల్నా?"

"ముందు నీది చూసుకోవే. గాడిపొయ్యిలా ఉంది నీ మొహం."

పైకెక్కాక చెట్టన్నది లేదు. కంటికి ఆనినంత మేరా గోధుమరంగు గడ్డి, నల్లమన్ను, గాలికి తలలూపే తెల్లటి దూదిగడ్డి. పొదల్లోంచి ఒక పిట్ట టపటపా లేచి అరిచింది.

"దట్స్ ఎ గ్రౌస్, ఆంటీ. ఇట్ సేస్ గో బ్యాక్, గో బ్యాక్!" అంది సింధుజ. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది. బదులు మాత్రం ఇంగ్లీషులోనే.

"మా తాతలు సైమన్ని పొమ్మన్న మాట ఇది. ఇప్పుడు పిట్టచేత మనకి చెప్పిస్తున్నారు," అంది విమల. కోవెంట్రీ బస్టాపులో ఒక కుర్రాడి నోటివెంట అదే మాట విన్న రోజుంది. ఆ రోజు తలొంచుకుని బస్సెక్కేసింది. ఇక్కడ పిట్టకేసి తిరిగి "పోను పోవే!" అని గట్టిగా అరిచింది. హాయిగా అనిపించింది.

ఇంకాస్త ముందు కుక్కతో ఎదురొచ్చిన పెద్దాయన ఆగి, ఎంతో మర్యాదగా దారి తప్పారా అని అడిగాడు. ఈ దేశపు ఆస్పత్రుల్లో మనవాళ్ళు అర్ధరాత్రి ఎదురైనా ఎవరూ ఆ ప్రశ్న అడగరు. కొండ మీద కనిపిస్తే మాత్రం తప్పిపోయినట్టే. విమల తన సర్జరీ గొంతు తీసింది. "లేదండీ. మీరు తప్పారా? ఏమన్నా సాయం కావాలా?" ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, ఆనక కుక్క అదిరిపడేలా నవ్వి, టోపీ ఎత్తి వెళ్ళిపోయాడు.

అప్పుడు సింధుజ చెప్పింది. ఒకప్పుడు ఈ కొండంతా వేటగాళ్ళైన దొరలదట. మాంచెస్టర్ చుట్టుపక్కల కూలీనాలీ జనం ఒక ఆదివారం గుంపుగా ఇక్కడికెక్కి వచ్చారట. కొందరు జైలుకి పోయారట. ఇప్పుడు చట్టమే వచ్చింది, ఎవరైనా నడవచ్చు. "ఎవరైనా," అని విమల మెల్లగా తనలో తను అనుకుంది.

మధ్యాహ్నానికి కాళ్ళు కాళ్ళలా లేవు. నేల చిత్తడి. బురదలో దిగబడకుండా దారిపొడుగునా పెద్ద పెద్ద రాతిపలకలు పరిచారు, కొన్నిచోట్ల అవీ మునిగిపోయాయి. చాలా ముందున్న సింధుజ వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపుతూ ఏదో అరిచింది. గాలిలో ఒక్క మాటే తేలివచ్చింది.

"బాగ్! బాగ్!"

పొద్దుణ్ణించీ విమలని ఒక్కరూ మెచ్చుకోలేదు. 'బాగు, బాగు' అంటోంది పిల్ల! ఎన్నడూ లేనిది తెలుగులో! విమలకి ఒళ్ళు పొంగిపోయింది. చెయ్యెత్తి ఊపి, రాతిపలక దిగి, పిల్ల ఉన్నవైపు అడ్డంగా చకచకా అడుగులేసింది. పక్కనున్న నిర్మల హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి. ఆమె చెవికి అది హిందీలో 'భాగ్' అని, పరిగెత్తమని వినిపించింది. ఏ ఎద్దో తరుముకొస్తోందనుకుని "అమ్మో!" అంటూ విమలని దాటి పరుగు తీసింది.

ఊబికి ఇంగ్లీషు పేరే 'బాగ్'. ఇద్దరికీ ఆ సంగతి ఒకేసారి గుర్తొచ్చింది. అప్పటికి నిర్మల మోకాళ్ళ దాకా, విమల తొడల దాకా ఉన్నారు.

"నువ్వెందుకు ఉరికినవే?"

"నేను ఉరకలేదు. మెచ్చుకుంటోందని వచ్చా!"

విమలకి నవ్వు ఆగలేదు. నవ్వినకొద్దీ ఇంకాస్త కిందికి పోతోంది. సింధుజ పరిగెత్తుకొచ్చి, పలక మీద బోర్లా పడుకుని, వాకింగ్ పోల్ అందించి ఒక్కొక్కరినే లాగింది. విమల బయటపడి పలకమీద వెల్లకిలా పడింది. అందరూ చెప్పి భయపెట్టినవన్నీ అయిపోయాయి. అయిపోతే ఇంతేనా? వట్టి బురద!

స్నేక్ రోడ్డు కనిపించింది. కారూ కనిపించింది. ముగ్గురినీ చూడగానే రామ్మోహన్ డిక్కీ తెరిచి చెత్త వేసే నల్లటి బిన్ బ్యాగు తీశాడు. దాన్ని నిలువునా చీల్చి, ముందు సీటు మీద మూలమూలకీ సర్ది, అరచేత్తో ముడతలు తీశాడు.

"రా. దీని మీదే కూచో. సీటుకి అంటించకు."

విమల ఆ సీటుకేసి చూసింది. ఎంత దూరం నడిచావని ఆయన అడగలేదు, దెబ్బ తగిలిందా అని అడగలేదు.

"నేనెక్కట్లేదండీ."

"నీ అవతారం చూసుకున్నావా? ఇంకా అంతే దూరం ఉంది. బ్లీక్లో కొండ ఎక్కాలి."

"చూసుకున్నా. బాగానే ఉంది."

"నిర్మలగారూ, మీరు డాక్టరు, మీరన్నా చెప్పండి!"

నిర్మల అప్పటికే బిన్ బ్యాగు మీద కూలబడి ఉంది. "బావగారూ, ఆమె మోకాళ్ళు మంచిగనే ఉన్నయి. నావే పోయినయి. జర డోర్ వెయ్యుండ్రి."

రామ్మోహన్ తలుపు వేశాడు. ఆ తర్వాత జేబులోంచి చాక్లెట్ తీసి విమల చేతిలో పెట్టాడు. "దారిలో తిను," అన్నాడు, అటెటో చూస్తూ.

"కమాన్, ఆంటీ," అంది సింధుజ. రోడ్డు దాటారు.

బ్లీక్లో కొండ ఎక్కడం మాటల్లో చెప్పేది కాదు. విమల రెండుసార్లు కూలబడింది, ఒకసారి అందరినీ తిట్టింది, చట్టం చేసిన పార్లమెంటుతో సహా. పైన పొద్దు వాలుతున్న వెలుతురులో గడ్డి అంతా రాగిరంగు తిరిగింది. దిగుడు మరీ అన్యాయం. బొటనవేళ్ళు బూట్లలో ఏడ్చాయి. లోయలో చెరువులు మెరుస్తుంటే వాటినే చూస్తూ, పక్కవాటుగా, పీతలా దిగింది.

క్రౌడెన్లో నిర్మల, రామ్మోహన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. విమల వాళ్ళ పక్కనుంచి నడిచి వెళ్ళి నడిచేవాళ్ళు రాత్రికి దిగే హాస్టల్ మెట్టు మీద కూలబడి, కాళ్ళు చాపింది. రామ్మోహన్ గొంతుక్కూచుని బూటు లేసులు విప్పడం మొదలెట్టాడు. బురద గట్టిపడి ముడి ఊడి రావడం లేదు.

"రేపు కార్లో వస్తావా?" అన్నాడు, తలెత్తకుండానే.

విమల ఆయన తలమీదుగా సింధుజకేసి చూసింది.

"ఏమ్మా, రేపు ఎన్నింటికి బయల్దేరాలి?"