బలహీనత అని చెప్పాను

మైదుకూరు నుంచి కర్నూలు పోయే బస్సులో, నాకు అవతలి సీట్లో నలభై దాటిన ఒకామె కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. కొంతసేపటికి సంచిలోంచి ఆసుపత్రి చీటీ తీసి నాకిచ్చింది.

“సదువుకున్నట్టుండావు, ఇదేం జబ్బో సూసి సెప్పప్పా. కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మన్నారు.”

చీటీలో ‘మెనోరేజియా’ అని ఉంది. నేను హైస్కూల్లో సైన్సు పంతులుని. అయినా ఆ మాట తెలియక ఫోన్లో వెతికాను. నెలసరిలో మామూలుకన్నా చాలా ఎక్కువగా రక్తం పోవడమట. వదిలేస్తే ఒంట్లో రక్తం తగ్గిపోతుందని, వైద్యం చేయించుకోవాలని కూడా ఉంది. చుట్టూ మనుషులు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“బలహీనతక్కా. బాగా తినాల, అంతే” అన్నాను.

“అంతేనా! ఇంగేందో అనుకొని శానా భయపడితి. దీనికి కర్నూలు దాకా ఎందుకు పోయేది?” అంది.

వెనక్కి పోయే బస్సు ఎక్కడానికి నంద్యాలలో లేచింది. చీర వెనకభాగం ఎర్రగా తడిసి ఉంది. అప్పుడైనా ఆమెను ఆపి ఉండాల్సింది. నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆమె కిందికి దిగి, ఆ కిటికీ దగ్గరికే వచ్చి, “సల్లగుండప్పా” అంది.

ఆ యేడు నుంచి నెలసరి పాఠాన్ని ‘ఇంటికాడ చదువుకోండి’ అని పిల్లలకు చెప్పడం మానేశాను. తరగతిలోనే, అందరికీ వినబడేలా చెబుతున్నాను. ఆమె మళ్ళీ ఆసుపత్రికి పోయిందో లేదో మాత్రం నాకు తెలియదు.