మూతకు స్క్రూ లేని ఇంజను

జనరల్ బజారులో బొమ్మలు కొన్నవాళ్ళకు అన్వర్ పేరు గుర్తుండకపోవచ్చు గానీ, అతని మాట మాత్రం గుర్తుంటుంది. "మా మనవడికి సుత ఇదే తెచ్చిన అమ్మా." ఏ బొమ్మ చేతికిచ్చినా అదే మాట. తోకాడించే కుక్కపిల్లకూ అదే, నీళ్ళ తుపాకీకీ అదే, ఆఖరికి రబ్బరు పాముకూ అదే. ఆ లెక్కన అతని ఇంట్లో మనుషులు కాలు పెట్టేందుకు చోటుండకూడదు. మనవడు పుట్టకముందు "మా బిడ్డకు" అనేవాడు. ఆ బిడ్డ గుల్నాజ్ పెద్దదై, పెళ్ళాడి, తల్లయింది. మాట ఒక తరం కిందికి దిగింది, అంతే.

మీసం రాకముందే ఓంప్రకాశ్ సేఠ్ దుకాణంలో చేరిన మనిషి. ఏడ్చే పిల్లల్ని నవ్వించడం, నవ్వే పిల్లల్ని ఏడిపించి మరీ బొమ్మ కొనిపించడం, రెండూ వచ్చు. అబద్ధాలకోరని ఎవరూ అనరు. తన మాట అబద్ధమని అతనికీ అనిపించలేదు. అంగడి మాటంటే అంతే కదా, కూరగాయలామె "ఇప్పుడే తెంపుకొచ్చిన" అన్నట్టు.

బ్యాటరీ బొమ్మల దగ్గర ఆ బజారుకు ఒక అలవాటుంది. ఆడించి చూపిస్తే గానీ ఎవరూ కొనరు. చూపించే బొమ్మలో రోజంతా సెల్లులు వేస్తూ, తీస్తూ ఉండాలి. ప్రతిసారీ స్క్రూ విప్పి బిగించే ఓపిక ఎవరికుంది? అందుకని ఆ ఒక్క బొమ్మకు మూత స్క్రూ తీసేసి, గల్లా పక్కనుండే పాత స్పీకరు అయస్కాంతానికి అంటించి పెడతారు. ఎప్పుడైనా ఆ బొమ్మనే అమ్మాల్సి వస్తే స్క్రూ బిగించి ఇవ్వాలి. చెప్పుకోవడానికి ఎంత సులువో మరిచిపోవడానికీ అంతే సులువు.

ఆ రోజు పొద్దున యాప్రాల్ నుంచి కల్పలత అనే ఆమె వచ్చింది. చంకలో కొడుకు. వాడి రెండో పుట్టినరోజు ఆ సాయంత్రమే. బెలూన్లూ టోపీలూ ఇంటికి పంపమని చిరునామా, ఫోన్ నంబరు చెప్పి, రైలింజను చూపించమంది. అన్వర్ ఆడించి చూపించేవి రెండు తీసి ముందు పెట్టాడు. నీలిది పెద్దది, పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. ఎర్రది చిన్నది, బటన్ సెల్లులది. కూత పెడుతుంది, లైటు వేస్తుంది, తిరునాళ్ళంత సందడి చేస్తుంది.

"బాబుకి ఏది మంచిగుంటది భాయ్? పెద్దదే తీస్కోనా?" అని అడిగింది. చెయ్యి నీలిదాని మీదే ఉంది.

పెద్దదే మంచిది. అన్వర్‌కు ఆ సంగతి బాగా తెలుసు. కానీ ఎర్రవి అమ్ముడుపోవడం లేదని సేఠ్ పొద్దున్నే సణిగాడు.

"చిన్నదే నయం అమ్మా, చేతిల పడ్తది. మా మనవడికి సుత ఇదే తెచ్చిన."

"అట్లయితే ఇంకేంది," అని ఆమె నవ్వి, నీలిదాన్ని పక్కకు జరిపింది. పెట్టెలోంచి కొత్తది తీసి ఇద్దామంటే పిల్లవాడు పట్టుకున్నదాన్ని వదలనని ఏడుపు అందుకున్నాడు. సర్లే పొమ్మని అన్వర్ దాన్నే ఇచ్చి పంపేశాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతుంటే అయస్కాంతం మీద కన్ను పడింది. దానికి అంటుకుని చిన్న స్క్రూ. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నిరుడు అతని గల్లీలో ఒక పసిపిల్ల అలాంటి బటన్ సెల్లే మింగింది. గొంతు లోపలంతా కాలి, ఎన్నాళ్ళో దవాఖానాలో ఉంది. ఇప్పటికీ గుటక వేయాలంటే దానికి నరకం. ఆ పిల్లను చూసొచ్చిన రోజే అన్వర్ కూతుర్ని కూర్చోబెట్టి చెప్పాడు, బటన్ సెల్లుల బొమ్మ ఏదీ మన గడప దాటి లోపలికి రావొద్దని. మనవడికి నీలి ఇంజనే తీసుకెళ్ళి ఇచ్చాడు. ఇంట్లో ఒక న్యాయం, అంగట్లో ఒక న్యాయం! తన మనవడిది గొంతు, పరాయి పిల్లవాడిది గొట్టమా?

కల్పలతకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

"ఒక్క స్క్రూ కోసం ఇంత పరేషాన్ ఎందుకు అన్వర్? ఏం కాదు తీయ్," అన్నాడు సేఠ్.

"బెలూన్లు నేనే ఇచ్చొస్త సేఠ్," అని అన్వర్ స్క్రూ, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని, బెలూన్ల సంచీ స్కూటరుకు తగిలించాడు.

కార్ఖానా దగ్గర వెనకనుంచి అంబులెన్సు మోత వినబడింది. అది దాటిపోయేదాకా స్కూటరు పక్కకు ఆపి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎక్కడ ఏ మోత విన్నా తనకోసమే అనిపించింది. ఎంత బుద్ధి తక్కువ పని చేశాను, ఎంత నీచపు పని చేశాను అని దారంతా తిట్టుకున్నాడు. "యా అల్లా, ఆ పిల్లవాడికి ఏం కానియ్యకు. నా నోరు పడిపోయినా సరే," అని తిరుమలగిరి చౌరస్తాలో పైకే అనేశాడు. పక్కన ఆగిన ఆటో అతను వింతగా చూశాడు.

యాప్రాల్‌లో ఇంటి తలుపు తీసే ఉంది. గదినిండా రంగు కాగితాలు, చుట్టాలు. నేల మీద పిల్లవాడు ఎర్ర ఇంజను బోర్లా వేసుకుని కూర్చున్నాడు. మూత సగం ఊడింది. వాడి దవడ ఆడుతోంది.

అన్వర్ సంచీ ఎక్కడ పడేశాడో అతనికే తెలియదు. చెప్పులతోనే లోపలికి ఉరికి, వాడి నోట్లో వేలు పెట్టాడు. నానిన బిస్కెట్ ముక్క బయటికొచ్చింది. పిల్లవాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. ఇంజను తిప్పి చూస్తే సెల్లులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అన్వర్ అక్కడే చతికిలబడ్డాడు.

వంటింట్లోంచి పరుగున వచ్చిన కల్పలతకు జరిగింది చెప్పి, జేబులోంచి స్క్రూ తీసి బిగించాడు. ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత తేరుకుని, కొడుకుని గుండెకు హత్తుకుని, చుట్టాల వైపు తిరిగింది.

"చూసిండ్రా? అమ్మినంక పట్టించుకునేటోళ్ళు ఎవరుంటరు ఈ కాలంల? ఇంత దూరం ఉరికొచ్చిండు!"

ఎవరో అతనికి కుర్చీ వేశారు. ఎవరో లడ్డు చేతిలో పెట్టారు. పెద్దాయనొకడు భుజం తట్టాడు. తిట్టినా బాగుండేది. ఆ మెప్పుకోలు ఒంటిమీద తేళ్ళు పాకినట్టుంది అన్వర్‌కు.

"మీ మనవడు సుత దీనితోనే ఆడుకుంటడా భాయ్?" అని కల్పలత ఆప్యాయంగా అడిగింది. "మీరు ఆ మాట అన్నందుకే నేను పెద్దది ఒద్దనుకున్న."

అవునంటే అయిపోయేది. స్క్రూ బిగిసింది, పిల్లవాడు క్షేమం, లడ్డు తిని వెళ్ళిపోవచ్చు. జీవితమంతా అన్న మాటే, ఇంకొక్కసారి.

"లేదమ్మా," అన్నాడు అన్వర్. "మా ఇంట్ల ఉన్నది ఆ నీలిదే. దీన్ని మా గడప తొక్కనియ్య."

ఆమె కొడుకు చేతిలోంచి ఇంజను లాక్కుంది. వాడు మళ్ళీ ఏడుపు మొదలుపెట్టాడు.

"మీ మనవడు ఎంత పెద్దోడు?"

"వీడంతనే."

ఆమె ఇంజను అతని చేతిలో పెట్టింది. అన్వర్ లడ్డును కుర్చీ మీద పెట్టి, తల దించుకుని మెట్లు దిగాడు.

కేకు కోసేలోపే తిరిగి వచ్చాడు. చేతిలో నీలి ఇంజను, పెన్సిల్ సెల్లులు వేసి, దుకాణంలోనే స్క్రూ బిగించినది. ఈసారి తలుపు మూసి ఉంది. బెల్లు కొడితే కల్పలతే తీసింది. ఇంజను అందుకుని, లోపలికి పోకుండా, గుమ్మంలోనే బోర్లా తిప్పింది. గోరుతో మూత పట్టి గట్టిగా లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. అప్పటికి గానీ నమ్మకం కలగలేదేమో, అన్వర్ ముఖం వైపు చూడకుండానే తలుపు వేసుకుంది.