సెంగ్ పూరించిన దరఖాస్తులు

మా ఊరి ఇమిగ్రేషన్ ఆఫీసుకు ఎదురుగా నా నూడుల్స్ బండి, దాన్ని ఆనుకుని దరఖాస్తులు రాసిపెట్టే సెంగ్ బల్ల. బల్ల మీద ఒక జిరాక్సు మిషను, జిగురు సీసా, ఓ డజను నీలం పెన్నులు. నల్ల పెన్ను మాత్రం ఉండదు. లోపల రెండో కిటికీ దగ్గర కూర్చునే ఆఫీసరుకు నల్ల సిరా చూస్తే ఒళ్లు మంట. అది అసలు కాగితమో, జిరాక్సో తెలిసి చావదంటాడు. ఈ సంగతి ప్రభుత్వం ఎక్కడా అచ్చు వేయలేదు. సెంగ్‌కి తెలుసు, కాబట్టి ఊరికీ తెలుసు.

పరాయి దేశంవాడు థాయ్‌లాండ్‌లో ఎక్కువ కాలం ఉండాలంటే ఎన్ని దారులున్నాయో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. దారి లేనిది తనకే. సెంగ్ పుట్టింది ఇక్కడికి పధ్నాలుగు కిలోమీటర్ల దూరంలో, కొండ మీది షాన్ తెగవాళ్ల పల్లెలో. ఆ రోజుల్లో అక్కడికి రోడ్డూ లేదు, పుట్టినవాళ్ల పేర్లు రాసుకునే నాథుడూ లేడు. యాభై నాలుగేళ్లు ఈ గాలి పీల్చి, ఈ నీళ్లు తాగి ఆమె సంపాదించుకున్నది గులాబీ రంగు కార్డు ఒకటి. ఈ మనిషి ఇక్కడ ఉంది, ఎందుకుందో ఇంకా తేలలేదు అని దాని అర్థం. ఆ కార్డున్నవాళ్లు మా రాష్ట్రం పొలిమేర దాటాలంటే చీటీ రాయించుకోవాలి. పౌరసత్వం కోసం ఆమె పెట్టిన దరఖాస్తుకు తొమ్మిదేళ్లు నిండాయి.

ఆమె తల్లి నాంగ్ ముయ్‌కి మాత్రం ఇరవై ఏళ్ల కిందటే అసలైన కార్డు వచ్చేసింది. ఆవిడ కూతురేనని రుజువైతే సెంగ్‌కీ వస్తుంది. తల్లికి ఈ వర్షాకాలంలో రెండుసార్లు ఆయాసం కమ్మి ఆసుపత్రికి మోసుకెళ్లాం. ఆవిడ కన్నుమూస్తే రుజువు కూడా ఆవిడతోనే పోతుంది. సెంగ్‌కి రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. పగలు మాత్రం పరంగివాళ్లకు నిద్ర పట్టేలా చేస్తుండేది.

ఓడ్‌వార్ మామ అలాంటి పరంగుల్లో ఒకడు. నార్వే దేశస్థుడు, అరవై ఎనిమిదేళ్లవాడు, ఓడల్లో వంటవాడిగా పనిచేసి మానేశాడు. పన్నెండేళ్లుగా ఏటా రెండుమూడుసార్లు వచ్చిపోతున్నాడు. మా భాష మాట్లాడతాడు, కాకపోతే వింటే చంటిపిల్లాడు తిడుతున్నట్టుంటుంది. ఆ మధ్య ఒకరోజు నా బండి దగ్గర కూలబడి నూడుల్స్ ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"సరిహద్దు వంతెన దగ్గర ఆఫీసరు నా పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పాడు. మీరు చూసిపోవడానికి వస్తున్నారా, కాపురముంటున్నారా అని అడిగాడు" అన్నాడు.

"నువ్వేమన్నావు?" అంది సెంగ్.

"నవ్వాను."

"బాగుంది. నవ్వితే పన్నెండేళ్లు గడిచాయి. ఇక గడవదు. విను మామా. వీసా లేకుండా వంతెన దాటి వచ్చే ముచ్చట ఏడాదికి రెండుసార్లే. నువ్వు రెండూ వాడేశావు. టూరిస్టు వీసా తెచ్చుకుని ఇక్కడ ముప్ఫై రోజులు పొడిగించుకోవచ్చు, మళ్లీ మొదటికే వస్తావు. భాష నేర్చుకుంటానని బడిలో చేరితే వీసా ఇస్తారు. కానీ మధ్యలో పిలిచి మాట్లాడించి చూస్తారు. నువ్వు మాట్లాడితే ఆ బడి మూతపడుద్ది."

నేను నవ్వాను. మామ నా వంక గుర్రుగా చూశాడు.

"పెళ్లి చేసుకుంటే ఇంకో దారి. బ్యాంకులో నాలుగు లక్షలు చాలు. ఇంటి ముందు ఇద్దరూ నిలబడి ఒక ఫొటో, మంచం మీద పక్కపక్కన కూర్చుని ఒక ఫొటో ఇవ్వాలి. ఆఫీసరు ఇంటికొచ్చి టూత్‌బ్రష్షులు రెండున్నాయో లేదో చూస్తాడు."

"ఎవరిని చేసుకోను? ఈ నూడుల్సమ్మని చేసుకోమంటావా?"

"నా మొగుడు బతికే ఉన్నాడు, పక్క వీధిలో" అన్నాను. ఇంకొకామెతో ఉంటున్నాడని చెప్పలేదు. అడగనిది చెప్పడం నా అలవాటు కాదు.

"అయితే నీకు మిగిలింది ఒకటే" అంది సెంగ్. "యాభై దాటినవాళ్లకిచ్చే విశ్రాంతి వీసా. ఎనిమిది లక్షల బాత్ రెండు నెలల ముందునుంచి బ్యాంకులో కదలకుండా కూర్చోవాలి. తొంభై రోజులకోసారి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నానని చెప్పాలి. దేశం దాటే ముందు తిరిగొచ్చే అనుమతి తీసుకోవాలి. తీసుకోకపోయావా, మిగిలిన ఏడాదంతా గంగపాలే."

ఓడ్‌వార్ మామ ఓడల్లో దాచుకున్న సొమ్ము బ్యాంకులో వేశాడు. రెండు నెలలు ఆ డబ్బుకు కాపలా అన్నట్టు బ్యాంకు ముందే టీ తాగాడు. సెంగ్ అతని కాగితాలు కుట్టింది. ఇంటికి దారి చూపే పటం చేత్తో గీయాలని ఇక్కడి ఆఫీసు పట్టు. అది సెంగే గీసింది. అందులో నా బండిని గుడికన్నా పెద్దగా వేసింది. పూటకో గిన్నె నూడుల్స్ ఊరికే పెడుతున్నందుకు ఆ మాత్రం గౌరవం నాకు దక్కాలి కదా.

ఆ రోజు మామ లోపలికి వెళ్లి పదకొండు నిమిషాల్లో బయటికొచ్చాడు. పాస్‌పోర్టు తెరిచి ముద్ర చూపించాడు. ఏడాది. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం.

"ఇప్పుడు నేనూ మీవాణ్ణే సెంగ్. నీలాగే ఈ దేశం మనిషిని" అన్నాడు.

సెంగ్ అతని చొక్కా కాలరు సరిచేసి, "నాకన్నా ఎక్కువే మామా" అంది. అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమై ఒళ్లు మండింది. ఆ మంటలో ఎవరి గిన్నెలోనో కారం రెండింతలు పడింది.

వారం తిరక్కుండా జిల్లా ఆఫీసు నుంచి సెంగ్‌కి పిలుపొచ్చింది. తల్లిని, పొరుగున ఉన్న ఒక సాక్షిని తీసుకురమ్మన్నారు. సాక్షిని నేను. బండి మూసి, ఉన్నవాటిలో మంచి పట్టులుంగీ కట్టుకుని వెళ్లాను. నాంగ్ ముయ్ పెద్దమ్మ పెదాలకు రంగు వేసుకుని వచ్చింది.

ఆఫీసరమ్మ చిన్నపిల్ల. మర్యాద తెలిసినదే. కాగితాలు అటూ ఇటూ తిప్పి నుదురు రుద్దుకుంది.

"అవ్వా, మీ కార్డు ప్రకారం మీకు అరవై మూడు. మీ అమ్మాయికి యాభై నాలుగు. తొమ్మిదేళ్లకు బిడ్డను కన్నారా?"

ఇది మా కొండలవాళ్లు మాత్రమే చేసుకోగల తప్పు. ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఒక గుమాస్తా కొండెక్కి వచ్చి, బల్ల వేసుకుని, ఊరందరినీ వరసలో నిలబెట్టాడు. పుట్టిన రోజు ఎవరికీ తెలియదు. అందుకని అందరికీ జనవరి ఒకటి రాశాడు. అలా ఆ పల్లెంతా ఒకే రోజున పుట్టింది. ఏడాది మాత్రం మొహం చూసి వేశాడు. పెద్దమ్మది చిన్న ఒళ్లు, నోరంతా ముత్యాల్లాంటి పళ్లు. ఇరవై ఐదు రాశాడు. సెంగ్ నెత్తిన కట్టెలమోపుతో పొడుగ్గా నిలబడి ఉంది. పదహారు రాశాడు. పెద్దమ్మ కాదనలేదు. ఇరవై ఐదంటే ఏ ఆడది కాదంటుంది? పదేళ్లపాటు ఆ మాట ఊళ్లో చెప్పుకు తిరిగింది.

"రాసింది మీవాడే కదా. వాణ్ణి పిలిచి అడుగు" అంది పెద్దమ్మ.

"ఆయన చనిపోయారు అవ్వా."

"మరి నేను బతికే ఉన్నాగా, నన్నడుగు. ఇది అడ్డం తిరిగింది కడుపులో. రెండు పగళ్లు, ఒక రాత్రి. మంత్రసాని చేతులెత్తేసింది. కావాలంటే దీని ఎడమ భుజం చూడు, లాగిన చోట ఇప్పటికీ వంకరే." ఆవిడ కూతురి వైపు తిరిగింది. "అలా వంగి కూర్చోకు. నిటారుగా కూర్చో. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పొద్దున ఏమీ తినకుండా వచ్చావు, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

యాభై నాలుగేళ్ల సెంగ్ నిటారుగా కూర్చుంది. ఇంతకు మించి రుజువు ఏం కావాలో నాకు తెలియలేదు. ఆ మాటే అన్నాను. సాక్షి అడిగినప్పుడే మాట్లాడాలన్నారు.

ఆఫీసరమ్మ నిజంగానే ఆలోచించింది. కూతురి వయసు తగ్గించి రాద్దామా అంది. సెంగ్‌కీ ఒక కూతురుంది; అలా చేస్తే ఆ పిల్ల సెంగ్‌కి పన్నెండో ఏట పుట్టినట్టవుతుంది, దాని కాగితాలు చెడతాయి. తల్లి వయసు పెంచుదామంటే ఆవిడకన్నా పెద్దవాళ్లెవరైనా వచ్చి చెప్పాలి. ఆ వయసువాళ్లంతా ఆ కొండ మీదే మట్టిలో ఉన్నారు.

"ఇక రక్తపరీక్ష ఒక్కటే దారి. పక్క రాష్ట్రంలో పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇద్దరూ కలిసి వెళ్లండి" అంది.

పక్క రాష్ట్రమంటే పొలిమేర దాటాలి. దాటాలంటే చీటీ కావాలి. చీటీకి దరఖాస్తు అక్కడే, అదే బల్ల మీద ఉంది. సెంగ్ నీలం పెన్ను తీసింది. అంతమంది దరఖాస్తులు రాసిన చెయ్యి పేరు, ఊరు, కార్డు నంబరు గడగడా రాసుకుపోయింది. ఎన్ని రోజులు? ఏడు. ఎందుకు? వైద్య పరీక్ష. వెంట వచ్చేవారి పేరు? నాంగ్ ముయ్. వారితో చుట్టరికం?

పెన్ను ఆ గడి మీద ఆనగానే ఆఫీసరమ్మ ఇబ్బందిగా కదిలింది.

"పిన్నీ, అక్కడ తల్లి అని రాయకండి. అది ఇంకా తేలలేదు కదా. పైవాళ్లు తిప్పి పంపేస్తారు, మళ్లీ నెలలు పడతాయి."

"మరేం రాయను?"

"పరిచయస్తురాలు అని రాయండి. చాలు."

సెంగ్ కాసేపు ఆ గడిని చూసింది. ఎవరి కాగితం దగ్గరా ఆమె చెయ్యి ఆగడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత రాసింది. ఎప్పటిలాగే గుండ్రంగా, గడి దాటకుండా.

పెద్దమ్మకు చదువు రాదు. మెడ సాచి ఆ అక్షరాల వైపు చూసింది.

"ఏంటే అంత పొడుగ్గా రాశావు? ఏం రాశావు?"

"అమ్మ అని రాశానమ్మా" అంది సెంగ్.