శంకరం వాళ్ళ కత్తి

కత్తిపీటకు కొబ్బరినూనె రాసినప్పుడల్లా, మంగళగిరిలో మా పక్కింటి శంకరం వాళ్ళ కత్తి గుర్తొస్తుంది. వాళ్ళది నేత పని. మగ్గం పైన గోడకు వేలాడే ఆ పాత కత్తిని చూపించి, "మా ముత్తాత యుద్ధంలో వాడాడ్రా" అనేవాడు శంకరం. నేను కుళ్ళిపోయేవాణ్ణి. మనకెందుకు లేదని నాన్నని అడిగితే, "పత్తి తీయడానికి కత్తెందుకురా?" అన్నాడు.

వాళ్ళక్క పెళ్ళికి కత్తిని కిందికి దించారు. తాకి చూస్తే పదునే లేదు. దానికి నూనె రాస్తున్న వాళ్ళ తాతని, ఇది యుద్ధంలోదేనా అని అడిగాను.

"యుద్ధమేంట్రా. పెళ్ళికి ముందు వీరభద్రుడి ఖడ్గాలు చదువుతాం కదా, ఆ స్తోత్రాలప్పుడు పట్టుకునేది."

నా కడుపుమంట చల్లారింది.

సాయంత్రం శంకరమే కత్తెత్తి ఖడ్గాలు చదివాడు. వీధంతా మాటలు మానేసి విన్నది. మా అమ్మ కూడా వాడి ముందు చేతులు జోడించింది.

అది యుద్ధం కత్తే అయ్యుంటే బాగుండేదని, గొప్ప ముత్తాతతోనే పోయేదని ఇప్పటికీ అనిపిస్తుంది.